పొల్లు

గిరిసోల దగ్గర రోడ్డు రాష్ట్రం మారుతుంది.
బోర్డుల మీద అక్షరాలు నెత్తిన గొడుగులు వేసుకుంటాయి,
పెట్రోలు ధర రెండు మెట్లు దిగుతుంది.
అందుకే ఇచ్ఛాపురం బళ్లన్నీ
దాహం ఓర్చుకుని ఇక్కడిదాకా వస్తాయి,
లారీలు, మోటారుసైకిళ్లు, వెనక కట్టిన డబ్బాలు.

వాటికి పోసేవాడు కోడ దానేసు.
పడవ అమ్మేసిన ఏడు ఈ ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు.
పంతొమ్మిదేళ్లు.
ఒంటి మీద సముద్రం వాసన ఎప్పుడు పోయిందో
అతనికి గుర్తులేదు,
వాళ్లావిడకి గుర్తుంది.

నేను రక్తం తీసేదాన్ని.
బరంపురం నుంచి డాక్టర్ సుచరితా పాణిగ్రాహి వెంట
మంచుపెట్టె, సూదులు, నలభై గొట్టాలు;
రెండు భాషలూ వచ్చని రోజుకి వంద అదనం.
మేనేజరు ఏసీ గది ఇవ్వనన్నాడు.
గాలి కొట్టే మిషను పక్కన, పాత టైర్ల మీద కూచుని
దానేసు చెయ్యి చాపాడు.
నరం వెంటనే దొరికింది. వలలు లాగిన చెయ్యి.

"ఏటి సూత్తారమ్మా ఇందల?"

డాక్టరమ్మ ఒడియాలో చెప్పింది, చాలాసేపు.
నేను తెలుగులో వెతుక్కున్నాను, ఇంకా చాలాసేపు.
మిథైల్ అన్నాను. అతను మీటరు వైపు చూశాడు.
చివరికి అతని రసీదు పుస్తకం లాక్కుని
వెనక అట్ట మీద రాశాను: న.
పొల్లు పెట్టాను: న్.

చూడు, అక్షరం అదే. గొంతు పోయింది.
ఒంట్లో ప్రతి కణంలో ఒక పుస్తకం,
మీ అమ్మా అయ్యా కలిసి రాసిచ్చింది.
అందులో ఏది పలకాలో ఏది ఊరుకోవాలో
ఇలాంటి పొల్లులు చెబుతాయి.
ఈ ఆవిరి వాటి జోలికే పోతుందని అనుమానం.
ఊరుకోవలసింది అరవడం మొదలెడుతుంది.
దొంగ వస్తే కేకెయ్యవలసింది
నోట్లో గుడ్డ కుక్కుకుంటుంది.

దానేసు నవ్వాడు.
"పొల్లంటే నాకు తెల్దేటి? సేటలో సెరిగితే ఎగిరిపోద్ది."
తర్వాత నవ్వలేదు.
"ఆకరోడు నానీ పన్లోకొచ్చినాక పుట్టాడు.
ఆడికీ నా పొల్లులే వచ్చుంటాయా?"

ఒడియాలోకి మార్చాను.
డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"జణా నాహిఁ."
దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.
తెలియదన్న మాట సరిహద్దులో ఎవరికైనా తెలుసు.

వెనక హారను.
మోచేతి మడతలో దూదితోనే లేచి వెళ్లాడు.
మాస్కు జేబులో ఉంది.
ట్యాంకు మూతి దగ్గర ఎండ
నీళ్లలోంచి చూసినట్టు వణికింది.

పోల్చడానికి, పెట్రోలు ఎరగని రక్తం కూడా కావాలి.
"నీదే ఇవ్వరాదూ," అంది డాక్టరమ్మ జీపులో.
ఇచ్చాను. ఫారం నింపాను.
పొగ: లేదు. రసాయనాల సావాసం: లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా నాన్న స్కూటర్ల మెకానిక్కు.
చేతుల గ్రీజు పెట్రోలుతో కడుక్కుని
ఆ చేతులతోనే పొద్దున్నే నా జడలు అల్లేవాడు,
అమ్మ లేదు కదా.
బడిలో పక్కపిల్ల ముక్కు మూసుకుని జరిగి కూచునేది.
నాకు మాత్రం ఆ వాసనంటే ప్రాణం.
బంకుల్లో ఊపిరి బిగబట్టమని అందరికీ చెబుతూనే
నా బండికి పోస్తున్నప్పుడు
ఒక్క గుక్క దొంగతనంగా పీలుస్తాను, ఇప్పటికీ.

తెల్లారి వెళ్లి ఫారం అడిగాను.
'లేదు' కొట్టేశాను.
'అవును' దగ్గర పెన్ను ఆగింది.
ఎన్నేళ్లు? ఏ హోదా? రోజుకి ఎన్ని గంటలు?
జడకి పట్టే సమయం రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.

"మరి నిన్ను ఏ వరసలో వేసేది?" అంది డాక్టరమ్మ.
పేరు లేదు, అంకె ఒక్కటే: నలభై ఒకటి.
మంచుపెట్టెలో నా గొట్టం
దానేసు గొట్టానికి ఆనుకుని ఉంది.